కథల టీచర్ కళ్లద్దాలు

కళ్లద్దాల షాపు నడిపే ఆవిడకు ఒక్కతే కూతురు. బళ్లో రాయించిన పేరు వేరే ఉన్నా ఇంట్లో అందరికీ ఆ పిల్ల పిచ్చుకే. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, మాటలు వచ్చాక నోరు మూతపడేది కాదు. అందుకని ఆ పేరు రెండు రకాలుగానూ అతికింది. అయితే అది గడప దాటకూడదని పిల్ల గట్టిగా చెప్పింది. స్నేహితురాళ్ల ముందు తల్లి నోరు జారి అలా పిలిస్తే ఆ పూటంతా మూతి ముడుచుకుని కూర్చునేది.

షాపు రోడ్డు వైపు, ఇల్లు దాని వెనక. మధ్యలో ఒక తలుపు. షాపులో ఒక గోడంతా ఫ్రేములు, ఎదుటి గోడకు నిలువుటద్దం, మూలన అక్షరాల బోర్డు, దానికి ఎదురుగా కళ్లు చూపించుకునేవాళ్లు కూర్చునే ఎత్తు స్టూలు. వెనక బల్ల మీద అద్దాలను ఫ్రేము కొలతకు అరగదీసే మిషను. అది తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

సాయంత్రం బడి నుంచి వచ్చి, పాలు తాగి, పిచ్చుక ఆ స్టూలెక్కేది. ఆ వేళకు షాపులో రద్దీ తగ్గుతుంది. తల్లి ఫ్రేములు ఒక్కొక్కటిగా తీసి మెత్తటి గుడ్డతో తుడుస్తూ కథ చెప్పేది. కథ అయ్యాక, "మరి ఇందులో నీతి ఏంటమ్మా?" అని అడిగేది. పిల్ల టక్కున చెప్పేది. ఆవిడకు అదొక మురిపెం. ఆవిడ తల్లి కూడా ఆవిడకు అలాగే చెప్పింది, అలాగే అడిగింది.

ఆ కథల్లో పిచ్చుకకు బాగా ఇష్టమైంది రొట్టెల తాత కథ. ఒక వీధిలో ఒక ముసలాయన రొట్టెలు కాల్చి అమ్మేవాడు. పొద్దున్నే మొదటి రొట్టెను ఆరడానికి కిటికీలో పెట్టేవాడు. రోజూ ఒక పిల్లి వచ్చి దాన్ని ఎత్తుకుపోయేది. తాత కర్ర పుచ్చుకుని తిట్టుకుంటూ వీధి చివరిదాకా తరిమేవాడు. దొంగతనం మరిగిన పిల్లి ఒకరోజు పక్క వీధిలో మాంసం కొట్లో దూరి కాలు విరగ్గొట్టుకుంది. దొంగతనం చేస్తే ఎప్పటికైనా దెబ్బ తప్పదని నీతి.

ఆ ఏడు బళ్లో పిచ్చుక క్లాసుకు కొత్తగా కథల పీరియడ్ పెట్టారు. దానికొక టీచరు వచ్చింది. పిల్లలు ఆవిణ్ణి కథల టీచర్ అనేవారు. బడి తెరిచిన కొద్దిరోజులకు ఒక సాయంత్రం పిచ్చుక మళ్లీ రొట్టెల తాత కథే చెప్పించుకుంది. తల్లి ఎప్పటిలా నీతి అడిగింది. పిల్ల వెంటనే చెప్పలేదు. స్టూలు మీద కాళ్లూపుతూ కాసేపు ఆలోచించింది.

"ఇది దొంగతనం గురించి కాదేమోనమ్మా."

"మరి దేని గురించి?"

"తాత రోజూ రొట్టె కిటికీలోనే ఎందుకు పెడతాడు? పిల్లి వస్తుందని తెలుసు కదా. కిటికీ మూసుకోవచ్చు. లోపల పెట్టుకోవచ్చు. పెట్టడు. పైగా వీధి చివరిదాకా పరిగెడతాడు. రొట్టె పోయాక పరిగెత్తి ఏం లాభం? ఆయనకి పిల్లి రావాలి. కథంతా చూడు, ఆయనతో మాట్లాడేవాళ్లు ఒక్కళ్లు కూడా లేరు. పిల్లితోనే మాట్లాడతాడు, తిట్లైతే తిట్లే."

తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎవరు చెప్పారే నీకు ఇదంతా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను. నీతి కోసం ముందే వెతుక్కోవద్దంటుంది మా కథల టీచర్. ఇద్దరు మనుషులు ఒకళ్లతో ఒకళ్లు ఎలా ఉన్నారో చూడమంటుంది. ఏం అడిగారు, ఏం చెప్పకుండా ఊరుకున్నారు, మొదట్లో ఎలా ఉన్నారు, చివర్లో ఎలా ఉన్నారు. అది చూస్తే కథ దేని గురించో దానంతటదే తెలుస్తుందిట. పిల్లి కూడా మనిషి కిందే లెక్క."

ఆ కథ ఆవిడ చిన్నప్పటి నుంచి వింటోంది, పిల్లకు లెక్కలేనన్నిసార్లు చెప్పింది. అందులో ఒంటరి ముసలాయన ఒకడున్నాడని ఆవిడకు ఇన్నేళ్లలో తట్టలేదు. కూతురి తెలివికి సంతోషం వేసింది. అది ఒక్క క్షణమే. ఆ తర్వాత, తన బీరువాను ఎవరో పరాయి మనిషి వచ్చి మారుతాళంతో తెరిచినట్టనిపించింది.

"సరేలే, వెళ్లి హోంవర్క్ చేసుకో," అంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో కథల టీచర్ ప్రస్తావన లేని పూట లేకుండా పోయింది. టీచర్ నల్లబోర్డు మీద ఏం రాసింది, టీచర్ ఎవరితో ఏమంది, టీచర్‌కి దగ్గు వచ్చింది, టీచర్ ఇవాళ మధ్యాహ్నం తినకుండా కిటికీ దగ్గర నిలబడింది. పిచ్చుక తండ్రి లిఫ్టులు బాగుచేసే మనిషి. పగలంతా ఏదో ఒక లిఫ్టు గుంతలో తలకిందులుగా వేలాడి వస్తాడు కాబట్టి ఇంటికి వచ్చాక ఏదైనా వినడానికి ఆయనకు హాయిగానే ఉండేది. ఒకరోజు అన్నం తింటూ భార్య మొహం వైపు చూసి, "ఏంటీ, టీచర్ మాట రాగానే నీ మొహం రెండో అంతస్తులో ఆగిపోయింది?" అన్నాడు.

"నాకేం? బానే ఉన్నాను. పప్పులో ఉప్పు సరిపోయిందా?"

"పప్పు కాదిది, కూర," అన్నాడాయన.

ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. గ్రంథాలయం నుంచి పిల్లల కథల పుస్తకం ఒకటి తెచ్చి సొరుగులో దాచుకుంది. షాపులో ఎవరూ లేనప్పుడు చదివి, ఎవరెవరితో ఎలా ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అన్నదమ్ముల కథ ఒకటి దొరికింది. ఇంట్లో ఒకటే సైకిలు. అన్న దాన్ని మాటిమాటికీ తమ్ముడికి ఇస్తుంటాడు, ఊరంతా అన్నను మెచ్చుకుంటుంది. చివరికి తమ్ముడు ఆ సైకిల్ నాకొద్దని గోడకు ఆనించి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం పిచ్చుకకు ఆ కథ చెప్పి, ఈసారి నీతి అడగకుండా, "చూశావా, వాళ్లిద్దరి మధ్య ఎంత ప్రేమ ఉందో. అన్న ఎన్నిసార్లిచ్చాడో గమనించావా?" అంది గొప్పగా.

పిచ్చుక పుస్తకం తీసుకుని పేజీలు వెనక్కి తిప్పింది. "అమ్మా, అన్న ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకళ్లు చూస్తున్నారు. ఇక్కడ మామయ్య. ఇక్కడ మాస్టారు. ఇక్కడ పక్కింటివాళ్లు. ఎవరూ లేనప్పుడు ఒక్కసారి కూడా ఇవ్వలేదు."

తల్లి పుస్తకం లాక్కుని చూసింది. నిజమే.

"భలే ఉంది కదా. రేపు టీచర్‌కి చెప్తాను," అంది పిల్ల, స్టూలు దిగుతూ.

అదే ఆవిడకు భరించరానిదైంది. పుస్తకం తెచ్చింది తను, చదివింది తను, కథ చెప్పింది తను. తన షాపులో, తన స్టూలు మీద దొరికిన ముత్యాన్ని పిల్ల తీసుకెళ్లి రేపు ఆ టీచర్ చేతిలో పెడుతుంది. ఆవిడ లేచి మిషను వేసి, అద్దమేదీ పెట్టకుండానే దాన్ని కాసేపు తిప్పింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఒకావిడ షాపులోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త వంగి, బస్సులో నలిగిన బట్టలతో ఉంది. చేతిసంచిలోంచి రుమాలు తీసి విప్పింది. అందులో కళ్లద్దాలున్నాయి. ఒక అద్దం నిలువునా పగిలింది, చెవి మీదికి వచ్చే కాడ ఒకటి విరిగింది.

"బస్సు దిగుతుంటే పడ్డాయమ్మా. నేనే తొక్కాను," అంది. "ఇంకెవరైనా తొక్కి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా మిగిలేవాడు."

షాపావిడకు నవ్వొచ్చింది. ఆ మనిషి నచ్చింది కూడా. కూర్చోబెట్టి పవర్ చూసింది, ముక్కు మీద కొలత తీసింది, కొత్త ఫ్రేములు రెండు మూడు పెట్టి చూపించింది. మాటల్లో మాటగా ఏం చేస్తుంటారని అడిగింది.

"ఇక్కడి బళ్లోనే. పిల్లల చేత కథలు చదివిస్తుంటాను."

కొలతబద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లుగా ఆవిడ మనసులో కథల టీచర్‌కి ఒక రూపం ఉంది. పొడుగ్గా, సన్నగా, మాట తియ్యగా ఉండే పడుచు పిల్ల. ఆ రూపాన్ని తిట్టుకోవడం తేలిక. పైపై మెరుగులు, పిల్లలకేం తెలుసు, నాలుగు రోజుల మోజు అని సరిపెట్టుకోవచ్చు. ఎదురుగా ఉన్న ఈ నలిగిన మనిషిని చూసి అలా అనుకోవడానికి ఏమీ లేదు. పిల్ల ఇష్టపడింది మెరుగులను కాదన్నమాట.

"మా అమ్మాయి మీ క్లాసే," అని కూతురికి బళ్లో రాయించిన పేరు చెప్పింది.

టీచర్ మొహం విచ్చుకుంది. "ఓ, మీరు పిచ్చుక వాళ్ల అమ్మగారా?"

గడప దాటకూడని పేరు ఆవిడ నోట అంత సులువుగా వచ్చేసరికి షాపావిడ కొలతబద్దను టక్కున బల్ల మీద పడేసింది. ఎవరూ చెప్పకుండా ఆ పేరు బడికి వెళ్లదు. పిల్లే చెప్పి ఉంటుంది. అడిగితే చెప్పిందో, అడక్కుండానే చెప్పిందో.

"ఎప్పటికి ఇస్తారమ్మా?" అంది టీచర్.

ఆ పవర్ అద్దాలు సొరుగులోనే ఉన్నాయి. రేపు సాయంత్రానికి ఇచ్చేయొచ్చు.

"పది రోజులు పడుతుందండీ. ఈ నంబరు అద్దాలు బయటి నుంచి తెప్పించాలి."

"పది రోజులా. అవి లేకపోతే నాకు పుస్తకంలో అక్షరాలు చీమల బారులా కనపడతాయి."

"ఏం చేస్తామండీ, మరి," అంది షాపావిడ. మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు.

అబద్ధం ఆడగలిగింది గానీ, పని పక్కన పెట్టడం మాత్రం ఆవిడ చేతులకు అలవాటు లేదు. మర్నాడు మధ్యాహ్నానికి అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, మెరిసేలా తుడిచి, డబ్బాలో పెట్టి సొరుగులో అడుగున తోసేసింది. పిచ్చుక తండ్రి సూదిమొన స్క్రూడ్రైవర్ కోసం ఆ సొరుగే వెతికాడు. డబ్బా తెరిచి చూశాడు. ఎవరివని అడిగాడు. ఆవిడ చెప్పింది. దాచుకోవడానికి మొగుడి దగ్గర ఏముంది?

ఆయన డబ్బా మళ్లీ మూశాడు. "లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్లు తలుపు బాదుతారు. ఆ టీచర్ పాపం, ఆగిపోయానని కూడా తెలియకుండా నిలబడి ఉంది," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అననందుకు ఆవిడకు ఆయన మీద కూడా మండింది.

ఆ పది రోజుల్లో టీచర్‌కి చదవడం ఇబ్బందై, పిల్ల ఆ టీచర్‌కి దూరమవుతుందేమోనని ఎక్కడో ఒక మూల ఆశ ఉండింది ఆవిడకు. జరిగింది దానికి తలకిందులు. టీచర్ పుస్తకం చదవలేదు కాబట్టి గట్టిగా చదివే పిల్ల కావాల్సి వచ్చింది. పిచ్చుకను పిలిచి తన బల్ల పక్కనే కుర్చీ వేయించింది. రోజూ కథ చదివేది పిచ్చుకే. పిల్లలు రాసిన జవాబులు టీచర్‌కి వినిపించేది పిచ్చుకే. బడి వదిలాక టీచర్‌ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది కూడా పిచ్చుకే. బస్సు ఆగే చోటు షాపుకు ఎదురుగానే. సాయంత్రం షాపావిడ అద్దాల తలుపు వెనక నిలబడి చూస్తుంటే, కూతురు ఆ పొట్టి మనిషి చెయ్యి పట్టుకుని, రెండు పక్కలా వచ్చే బళ్లను చూస్తూ, పెద్ద ఆరిందాలా రోడ్డు దాటిస్తూ కనపడేది. తల్లి చెయ్యి పట్టుకోవడం మానేసి ఏడాది దాటింది. నేను చిన్నపిల్లని కాదంది.

తన గొయ్యి తనే తవ్వుకుంది, అదీ మంచి పదునైన గడ్డపారతో. అలాగని సొరుగులోంచి డబ్బా తీయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడిస్తే అంత తొందరగా ఎలా వచ్చాయని అడుగుతుంది. అడగకపోయినా, ఇచ్చి ఆవిడ కృతజ్ఞతలు వినాలి.

ఎనిమిదో రోజు సాయంత్రం పిచ్చుక స్టూలెక్కి కూర్చుంది. కథ అడగలేదు.

"అమ్మా, నేనొకటి చూశాను. చెప్పనా?"

"చెప్పు."

"నేను టీచర్ గురించి చెప్పినప్పుడల్లా నువ్వు మిషను వేస్తావు. మొన్న అద్దం లేకుండానే వేశావు. మందుల షాపు తాతయ్య అద్దాలు పగిలితే ఆ సాయంత్రమే ఇచ్చేశావు, టీచర్‌వి పది రోజులన్నావు. టీచర్ నీ గురించి అడుగుతుంది. మీ అమ్మ ఇవాళ ఏం కథ చెప్పిందీ అంటుంది. నువ్వు ఆవిడ గురించి ఎప్పుడూ ఏమీ అడగవు." పిల్ల గొంతులో తప్పుపట్టే ధోరణి లేదు. క్లాసులో కథ గురించి చెప్పినట్టే చెబుతోంది. "మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. దానికి మాట దొరకట్లేదు నాకు. కోపమనుకున్నాను. కోపమైతే నువ్వు అరుస్తావు కదా."

మిషను వెయ్యాలనిపించింది ఆవిడకు. చెయ్యి దాని దాకా పోయి వెనక్కి వచ్చింది.

"కుళ్ళు," అంది చివరికి. "దాన్ని కుళ్ళంటారు. పుస్తకాల్లో అసూయ అని రాస్తారు."

"టీచర్‌కి తెలిసినంత నీకు తెలియదనా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "అది కొంత," అంది తల్లి. "ఆవిడ గురించి చెప్తున్నప్పుడు నీ మొహం వెలిగిపోతుంది చూడు, అది ఇంకొంత. ఇదివరకు నేను కథ చెప్తుంటే అలా వెలిగేది."

"ఇప్పుడు కూడా..." అని మొదలుపెట్టి పిచ్చుక ఆగింది. అబద్ధం ఆడే పిల్ల కాదు. "కొంచెం తగ్గిందిలే," అంది.

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది.

"టీచర్ అద్దాలు వచ్చేశాయా అమ్మా?"

"వచ్చేశాయి."

"ఎప్పుడు?"

"ఆవిడ వచ్చిన మర్నాడే అయిపోయాయి."

పిచ్చుక స్టూలు దిగింది. తల్లి వైపు చూడకుండా మధ్య తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం తండ్రి పక్కన కూర్చుని తింది, తల్లి వడ్డిస్తే తనే గరిటె అందుకుని వేసుకుంది. పొద్దున బడికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "నేను తీసుకెళ్లి ఇవ్వనా?" అంది.

"వద్దు. నేనే తెస్తాను," అంది తల్లి.

కథల పీరియడ్ వేళకు షాపు మూసి, డబ్బా తీసుకుని ఆవిడ బడికి వెళ్లింది. క్లాసు గుమ్మంలో నిలబడితే టీచర్ కళ్లు చికిలించి చూసి, ఎవరో పోల్చుకోలేక, పిచ్చుక చెవిలో చెప్పాక, "వెనక కూర్చోండమ్మా, కాసేపట్లో అయిపోతుంది," అంది. చివరి బెంచీ చిన్నపిల్లలది. ఆవిడ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

పిచ్చుక చదువుతోంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకటే గొడుగు. బడికి వెళ్లేటప్పుడు అక్కే పట్టుకుంటుంది. మొదటి వానలో చెల్లెలు, "తడుస్తున్నానక్కా," అంటే, "దగ్గరగా నడవ్వే," అంటుంది అక్క. ఆ తర్వాత వానల్లోనూ అంతే. ఆఖరి వానలో చెల్లెలు ఏమీ అనదు, దూరంగా నడుస్తుంది. అక్క గొడుగును చెల్లెలి వైపు వంచుతుంది. ఇంటికి చేరేసరికి అక్క భుజం తడిసిపోతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

టీచర్ ఇద్దరు పిల్లల్ని లేపి, పెద్ద అట్టముక్క చేతికిచ్చి గొడుగనుకోమంది. మొదటి వానలో నడిచినట్టు నడిపించింది, ఆఖరి వానలో నడిచినట్టు నడిపించింది. "ఏం మారింది?" అంది.

"అక్క మంచిదైపోయింది," అన్నాడొక పిల్లాడు.

"అయిపోయిందని ఎలా తెలిసింది నీకు?"

"గొడుగు వంచింది కదా."

"అది వంచకముందు, చెల్లెలు ఏదో మానేసింది. ఏంటది?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. టీచర్ ఊరుకుంది. ఎవరి మొహంలోకీ చూడలేదు, సాయం పట్టలేదు. వెనక బెంచీలో షాపావిడకు జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదాలు బిగబట్టుకుంది. తనైతే ఈపాటికి చెప్పేసి ఉండేది. చెప్పేసి, నీతి కూడా అప్పజెప్పేది. ఆ మనిషి ఊరుకునే ఉంది. పిచ్చుక చెయ్యెత్తింది. టీచర్‌కి కనపడలేదో, కావాలనే చూడలేదో, పిలవలేదు. అంతసేపటి నుంచి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటే పిలవదేంటి ఈ మనిషి అని తల్లికి మళ్లీ ఒళ్లు మండింది.

చివరికి రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. "అడగడం మానేసింది, టీచర్. అడిగినన్నాళ్లూ అక్క వినలేదు. మానేశాక అక్కకి భయం వేసింది."

"భయం కాదు," అంది పిచ్చుక, పిలవకుండానే. "గోల లేదు కాబట్టి అప్పుడు పక్కకి చూసింది. చూస్తే చెల్లెలు తడుస్తూ కనపడింది."

"భయమే. దూరంగా నడుస్తోందిగా, వెళ్లిపోతుందని."

"మరి పిలవచ్చుగా?"

పిల్లలు రెండు పక్షాలుగా చీలిపోయారు. టీచర్ తీర్పు చెప్పలేదు. ఇద్దరి మాటలూ బోర్డు మీద పక్కపక్కన పెద్ద అక్షరాలతో రాసింది. అక్షరాలు వంకరగా, కొండ ఎక్కినట్టు పైకి పోయాయి. తను ఎక్కడ రాస్తోందో ఆవిడకే కనపడటం లేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. షాపావిడ నవ్వలేకపోయింది.

గంట కొట్టాక పిల్లలంతా బయటికి పోయారు. పిచ్చుక గుమ్మం దగ్గర తచ్చాడి, తల్లి మొహం చూసి వెళ్లిపోయింది. షాపావిడ డబ్బా తెరిచి, కళ్లద్దాలు తీసి, తనే టీచర్‌కి పెట్టింది. చెవుల వెనక కాడలు సర్దింది. టీచర్ బోర్డు వైపు తిరిగి తన రాత చూసుకుని, "అయ్యో, ఇలా రాశానా," అంది. "చాలా థాంక్సమ్మా. ఒకరోజు ముందే ఇచ్చారు."

"ముందు కాదండీ," అంది షాపావిడ. "మీరు వచ్చిన మర్నాడే అయిపోయాయి. నేనే ఆపాను. పిల్ల పొద్దస్తమానం మీ పేరే తలుస్తుంటే ఓర్చుకోలేకపోయాను."

పరవాలేదమ్మా అంటుందని, తల్లి మనసు ఇలాగే ఉంటుందని ఓదారుస్తుందని లోలోపల అనుకుందేమో. టీచర్ అలా అనలేదు. మొహం ఎర్రబడింది.

"తలనొప్పితో చచ్చానమ్మా ఇన్ని రోజులూ," అంది. "రోజుకో మాత్ర మింగాను. మెట్లు దిగుతూ ఒకసారి పడబోయాను."

"తెలుసండీ. తప్పే."

"నాకు చాలా కోపంగా ఉంది. ఇప్పుడేమీ అడక్కండి. తగ్గడానికి టైం పడుతుంది నాకు." టీచర్ బల్ల మీది కాగితాలు దొంతి పెట్టింది, మళ్లీ చెదరగొట్టి మళ్లీ పెట్టింది. షాపావిడ గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచింది. "ఆ రొట్టెల తాత కథ మీదేనా?"

"మా అమ్మదండీ. నేను చెప్పాను."

"పిచ్చుక ఇక్కడ చెప్పింది. తాత పక్షం, పిల్లి పక్షం అని వారమంతా కొట్టుకున్నారు. మా పుస్తకంలో అలాంటి కథ ఒక్కటీ లేదు." ఆ మాట కూడా కోపంగానే అంది.

ఇంటికి వచ్చేసరికి షాపావిడ మనసు తేలిక పడిందా అంటే పడలేదు. బడి నుంచి షాపు దాకా ఆవిడ ఆలోచించింది ఒకటే. అంతసేపు ఊరుకోవడం ఎలా నేర్చుకుంది ఆ మనిషి? ముప్పై మంది పిల్లల ముందు, జవాబు చేతిలో పెట్టుకుని. అంతవరకూ కూతురి కోసం పడిన కుళ్ళు ఇప్పుడు ఆ పనితనం మీదికి కూడా పాకింది. అయితే ఇది అంత చేదుగా లేదు. మంచి అద్దం అరగదీసిన చెయ్యి ఇంకోటి కనపడితే పనివాళ్లకు కలిగే అసూయ లాంటిది.

ఆ రోజు నుంచి ఆవిడ కథ చెప్పాక ఊరుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో చాతకాలేదు. మధ్యలో ఏదో ఒకటి అనేసేది. "అమ్మా, నువ్వు మళ్లీ చెప్పేశావు," అనేది పిచ్చుక. కొన్ని సాయంత్రాలు పిల్లకు ఏమీ తట్టేది కాదు, ఆవిడకూ తట్టేది కాదు, కథ అక్కడే పడి ఉండేది. వంట వేళ అయిపోయేది. టీచర్ మాత్రం చాలా రోజులు షాపు వైపు రాలేదు. రోడ్డుకు అవతలి పక్కనే బస్సెక్కి వెళ్లిపోయేది. ఒకసారి స్క్రూ వదులైతే వచ్చింది. బిగించాక, డబ్బులొద్దండీ అంటే బల్ల మీద పెట్టి మరీ వెళ్లింది.

తర్వాతి ఏడు పిచ్చుక పై తరగతికి వెళ్లింది. అక్కడ కథల పీరియడ్ లేదు. అక్కడి మాస్టారు పాఠం చదివి, నీతి బోర్డు మీద రాసి, నోటు పుస్తకంలో ఎక్కించుకోమనేవారు. పిల్ల ఇంటికి వచ్చి బడి సంగతులు చెప్పడం తగ్గించింది. దీని కోసమే కదా నువ్వు ఎదురుచూశావని షాపావిడ తనను తాను అడిగింది. పిల్ల మొహం చూస్తే అవునని చెప్పబుద్ధి కాలేదు.

ఒక సాయంత్రం పిచ్చుక సంచి విసిరేసి, పాలు ముట్టకుండా స్టూలెక్కింది.

"ఏమైందే?"

"ఏం లేదు."

తల్లి ఊరుకుంది. ఫ్రేములు తుడుస్తూ, ఊరుకునే ఉంది.

"మధ్యాహ్నం టీచర్ని చూద్దామని పాత క్లాసుకెళ్లాను," అంది పిల్ల చివరికి. "నా కుర్చీలో ఎవత్తో కూర్చుని చదువుతోంది. టీచర్‌కి ఇప్పుడు అద్దాలున్నాయిగా, మళ్లీ చదివించుకోవడం ఎందుకు? పైగా దాన్ని మిడత అని పిలుస్తోంది. అది దాన్ని ఇంట్లో పిలిచే పేరట. ఇంట్లో పేరుతో పిలిచేది నన్నొక్కదాన్నే అనుకున్నాను." ముక్కు ఎగబీల్చింది. "సరిగ్గా చదవడం కూడా రాదు దానికి. కామా ఉన్న చోట ఆగదు."

"ఇంకా?"

"నవ్వు కూడా బాలేదు దానిది." కాసేపాగి, "అమ్మా, ఇది కూడా అదేనా?" అంది.

"అదే."

"ఎన్నాళ్లుంటుంది?"

"ఏమో. నాకింకా పూర్తిగా పోలేదు."

పిచ్చుక తల తిప్పి తల్లిని చూసింది. "టీచర్ మీదేనా?"

"ఆవిడ మీదే."

"ఇప్పుడు నాక్కూడా ఆవిడ మీదే ఉంది." పిల్ల చేత్తో ముక్కు తుడుచుకుంది. "కాసేపు తిట్టుకుందామా ఇద్దరం?"

తల్లి గుడ్డ పక్కన పెట్టి, షాపు తలుపు దగ్గరకు వేసి వచ్చి, స్టూలు పక్కన బల్లకు ఆనుకుని నిలబడింది.

"ఆవిడ ముక్కు ఎడమ వైపుకి వంకర," అంది. "ఆ ఫ్రేము తిన్నగా కూర్చోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."